కిటికీ పెట్టలేని చోట కమాను పెట్టారు

ఉత్తర ఫ్రాన్స్‌లోని అమియాన్ కథీడ్రల్ నడిమి శాలలో నిలబడి పక్క గోడని కింది నుంచి పైదాకా చూస్తే మూడు అంచెలు కనిపిస్తాయి. అడుగున పెద్ద కమానులు, వాటి గుండా పక్క నడవలోకి వెళ్ళొచ్చు. అన్నిటికన్నా పైన నిలువెత్తు గాజు కిటికీలు, వెలుతురంతా అక్కణ్ణుంచే దిగుతుంది. ఈ రెంటికీ మధ్య, నేలకి దాదాపు ఇరవై మీటర్ల పైన, చిన్న కమానుల వరుస ఒకటి గోడ పొడుగునా సాగిపోతుంది. దాని వెనక చీకటి. గాజు లేదు, బొమ్మ లేదు, మనిషి అలికిడి లేదు. 1220లో మొదలైన ఆ కట్టడంలో రాతి కప్పు 42 మీటర్ల ఎత్తుంటుంది. అంత ఎత్తుకి, అంత వెలుతురుకి ఆరాటపడినవాళ్ళు గోడ నడిమధ్యన ఈ చీకటి పట్టీని ఎందుకు వదిలేశారు?

మామూలుగా వినిపించే జవాబులు రెండు. అది అలంకారం అని ఒకటి. అక్కడ సన్యాసినులో, ఆడవాళ్ళో కూర్చునేవారు అని రెండోది. గైడ్లకి రెండోదంటే మహా ఇష్టం, ఎందుకంటే అందులో కాస్త రహస్యం ఉంటుంది. ఎక్కడో ఒకచోట రెండు మాటలూ నిజమే. అమియాన్ గోడకి మాత్రం రెండూ అతకవు. అక్కడి కారణం గోడకి అవతలి పక్క, బయటి నుంచి చూస్తే తప్ప తెలియని చోట ఉంది.

ఇలాంటి చర్చిల్లో నడిమి శాల బాగా ఎత్తుగా ఉంటుంది, ఇరుపక్కలా నడవలు పొట్టిగా ఉంటాయి. నడవ మీద రాతితో కట్టిన వంపు కప్పు ఉంటుంది. కానీ రాతి వంపు మీద నేరుగా వాన పడనివ్వరు. దాని పైన దూలాలు వేసి, పెంకో సీసపు రేకో పరిచిన ఏటవాలు కప్పు మరొకటి వేస్తారు. ఆ వాలు కప్పు పై అంచు వచ్చి నడిమి శాల గోడకి ఆనుతుంది. పెంకుటింటి పెద్ద గోడకి ఆనించి వసారా దించినట్టే. వసారాలో అటక వేస్తే, ఆ అటకకీ వసారా కప్పు గోడని తాకే చోటుకీ మధ్య ఉన్న గోడ ముక్కలో కిటికీ పెట్టి ఏం లాభం? తెరిస్తే అటకలోకే తెరుచుకుంటుంది. అమియాన్‌లో చీకటి కమానులున్నది సరిగ్గా ఆ ముక్కలోనే.

ఈ ముక్క ఎంత ఎత్తుంటుందన్నది కట్టేవాడి ఇష్టాన్ని బట్టి ఉండదు. నడవ ఎంత వెడల్పైతే, కప్పు వాలు ఎంత నిటారైతే, అంత పెరుగుతుంది. వానా మంచూ ఎక్కువగా ఉండే ఉత్తరాది ఊళ్ళలో వాలు నిటారుగానే ఉండాలి, లేకపోతే మంచు పేరుకుపోతుంది. కాబట్టి పెద్ద చర్చి కట్టాలనుకున్న ప్రతివాడికీ గోడ మధ్యలో కొన్ని మీటర్ల గుడ్డి గోడ తప్పనిసరిగా వచ్చి పడేది. దాన్ని ఏం చెయ్యాలన్నదే వందల ఏళ్ళ పాటు నడిచిన ప్రశ్న.

మొదటి జవాబు రంగులు. రోమ్‌లోని సాంతా మరియా మజ్జోరేలో, 5వ శతాబ్దపు మొజాయిక్ బొమ్మలు స్తంభాల వరుసకి పైన, కిటికీలకి కింద ఉంటాయి. రవెన్నాలోని సాంత్ అపోలినారే నువోవోలో వరుసగా నడుస్తున్న కన్యలు, తెల్లబట్టల అమరవీరులు కూడా ఆ ఎత్తులోనే ఉంటారు. చూసేవాళ్ళకి బొమ్మలే కనిపిస్తాయి. వాటికి అంత పొడవాటి జాగా దొరకడానికి అవతలి నడవ కప్పూ ఒక కారణమని ఎవరికీ తట్టదు. ఆల్ప్స్‌కి ఉత్తరాన, 11వ శతాబ్దం నుంచి, రంగులకి బదులు కమానులు వచ్చాయి.

కమాను వెనక ఎంత లోతు?

ఈ నడిమి అంచెని పుస్తకాల్లో ట్రైఫోరియం అంటారు. చిక్కేమిటంటే, ఒకే పేరు కింద మూడు వేర్వేరు నిర్మాణాలు కలిసిపోయాయి. పేరు పక్కన పెట్టి, కమాను వెనక ఎంత లోతుంది అని అడిగితే సంగతి తేలిపోతుంది. చెయ్యి పెట్టగానే రాయి తగిలితే అది గుడ్డి కమాను, ఇంగ్లీషులో బ్లైండ్ ఆర్కేడ్. ఒక మనిషి నడవగలిగిన సందు ఉంటే అది అసలైన ట్రైఫోరియం. నడవంత వెడల్పున గది ఉంటే అది మేడ, ట్రిబ్యూన్ అనో గ్యాలరీ అనో పిలిచేది. కింద నుంచి చూస్తే మూడూ ఒకేలా కనిపిస్తాయి. ఎందుకు కట్టారన్నది మాత్రం మూడింటికీ వేరు.

చెయ్యి లోతు రకానికి పెద్ద పేరు క్లూనీ. బర్గండీలోని ఆ మఠంలో 1088లో మొదలైన మూడో చర్చి, తన కాలంలో పశ్చిమ ఐరోపా మొత్తంలో అతి పెద్దది. నడిమి శాల మీద దాదాపు ముప్ఫై మీటర్ల ఎత్తున పొడవాటి సొరంగంలాంటి రాతి కప్పు వేశారు. అలాంటి కప్పు గోడ పొడుగునా బయటికి నెడుతూనే ఉంటుంది, కాబట్టి గోడకి ఎడాపెడా కన్నాలు పెడితే ముప్పు. పైన ఎలాగూ చిన్న కిటికీలు పెట్టారు, ఇక మధ్య అంచెలో గోడని గట్టిగా వదిలేసి దాని ముఖం మీద మాత్రం కమానుల వరుస చెక్కారు. ఫ్రెంచి విప్లవం తర్వాత ఆ చర్చిలో చాలా భాగాన్ని పడగొట్టి రాయి అమ్ముకున్నారు. ఇప్పుడు నిలిచింది నడిమి శాలకి అడ్డంగా కట్టిన శాలలో దక్షిణపు భాగమూ, అక్కడక్కడ కొన్ని ముక్కలూ మాత్రమే.

దాని పొరుగున ఓతన్ అనే ఊళ్ళో, సుమారు 1120లో మొదలైన కథీడ్రల్ ఇంకా తమాషాగా ఉంటుంది. ఓతన్ పాత రోమన్ నగరం. ఊరి ద్వారాల మీద రోమన్లు కట్టిన కమానుల వరుసలు, మధ్య మధ్య గాడులు చెక్కిన చదును స్తంభాలు, ఆ రోజుల్లోనూ నిలబడే ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి. చర్చి కట్టిన మేస్త్రీలు నడిమి అంచెకి నమూనా కోసం దూరం వెళ్ళలేదు, ఊరి ద్వారం వైపు చూశారు. అదే గాడుల స్తంభం, అదే కొలతలో కమాను, కాకపోతే వెనక రాయి. ఆ రోమన్ ద్వారాన్నీ కథీడ్రల్ గోడనీ ఒకే పూటలో చూసినవాళ్ళు ఈ అంచె గాలికి పుట్టిన అలంకారం అనలేరు. ఖాళీగా మిగిలిన గోడకి తమ ఊరి పాత దర్జా తొడిగారు.

గది లోతు రకం, అంటే మేడ, వేరే సంగతి. నడవ మీద ఇంకో నడవ కట్టేస్తే దానికి సొంత బయటి గోడ ఉంటుంది, ఆ గోడకి కిటికీ పెట్టుకోవచ్చు. స్పెయిన్‌లోని సాంతియాగోలో, 1075లో మొదలైన యాత్రా చర్చిలో, నడిమి శాలకి పై కిటికీలే లేవు. లోపలికి వచ్చే వెలుతురులో చాలా వంతు మేడ కిటికీల గుండానే వస్తుంది. దిగులుగా మేడ ఎక్కినవాడు కూడా అక్కణ్ణుంచి ఈ గుడి అందం చూశాక సంతోషంగా దిగుతాడని 12వ శతాబ్దపు యాత్రికుల మార్గదర్శి ఒకటి చెబుతుంది. అంటే జనం పైకి ఎక్కేవారన్న మాట. తూర్పున కాన్‌స్టాంటినోపుల్‌లో, 537లో పూర్తయిన హాగియా సోఫియా మేడల్లో ఆడవాళ్ళు నిలబడేవారు, మహారాణికి ప్రత్యేక స్థానం ఉండేది. గైడ్లు చెప్పే ఆడవాళ్ళ మేడ కథకి మూలం ఇలాంటి చోట్ల ఉంది. దాన్ని తెచ్చి మనిషి పక్కకి తిరగడానికే చోటు లేని అమియాన్ సందుకి అంటగడితేనే ఇబ్బంది.

లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీ మేడ ఇంకో రకంగా విచిత్రం. మూడో హెన్రీ రాజు 1245లో తిరిగి కట్టించడం మొదలుపెట్టిన ఆ చర్చిలో నేలకి పదహారు మీటర్ల పైన విశాలమైన మేడ ఉంది. దానికి వంపు తిరిగిన త్రికోణాకారపు కిటికీలు కూడా పెట్టారు. ఇంత చేసి, తర్వాతి శతాబ్దాల్లో దాన్ని ఎక్కువగా సామాన్ల గదిలా వాడుకున్నారు. 2018లో దాన్ని మ్యూజియంగా తెరిచే ముందు శుభ్రం చేస్తుంటే పేరుకున్న దుమ్ములో వేల సంఖ్యలో రంగు గాజు ముక్కలు దొరికాయి. పైకి వెళ్ళడానికి సరైన మెట్లు లేకపోవడంతో బయట కొత్తగా ఒక బురుజే కట్టాల్సి వచ్చింది. అంత శ్రమపడి కట్టిన అంతస్తుకి అప్పట్లో పనేమీ లేదా? కూర్చునేవాళ్ళకి కాకపోయినా గోడకి దానితో పని ఉంది.

గోడకి ఆసరా

రాతి కప్పు బరువు కిందికి మాత్రమే పోదు. పక్కకి కూడా తోస్తుంది, ఎత్తు పెరిగేకొద్దీ ఆ తోపుని ఆపడం కష్టమవుతుంది. నడవ మీద మేడ కట్టి దానికీ రాతి కప్పు వేస్తే, ఆ మేడ మొత్తం నడిమి శాల గోడకి పక్క నుంచి భుజం కాసినట్టవుతుంది. ఫ్రాన్స్‌లో క్లేర్మోన్ ఫెరాన్‌లోని నోత్రదామ్ దు పోర్ చర్చిలో మేడ కప్పు పావు వృత్తాకారంలో లేచి నడిమి గోడని ఆనుకుంటుంది. ఇంగ్లండులో, 1093లో మొదలైన డరమ్ కథీడ్రల్‌లో నడిమి శాల పక్క మేడలో, కప్పు కింద, పావు వృత్తపు రాతి కమానులు కనిపిస్తాయి. కింద ఉన్న భక్తులకి అవి కనపడవు, బయట ఉన్నవాళ్ళకీ కనపడవు. ఆ తర్వాత వచ్చిన, మొన కమానులూ పెద్ద కిటికీలూ ఉండే గోతిక్ పద్ధతి చర్చిల బయట గాలిలో వంగి గోడని పట్టుకునే ఫ్లయింగ్ బట్రెస్‌లకి ఇవి తాతలు అని కొందరంటారు. నిజంగా తోపుని ఆపాయా, లేక కప్పు దూలాల్ని మొయ్యడానికే పెట్టారా అని వాదం ఇంకా తెగలేదు. నాకైతే రెండో మాట ఎక్కువ నమ్మబుద్ధవుతుంది, కానీ చూడగానే మొదటిదే గుర్తొస్తుందన్నదీ నిజమే.

మేడ కట్టినా చీకటి ముక్క పోలేదు. ఇక్కడే చాలామంది తికమకపడతారు. నడవ మీద మేడ వచ్చింది, సరే. కానీ మేడ మీద కూడా ఏటవాలు కప్పు వెయ్యాలిగా? అది కూడా నడిమి గోడకే ఆనాలిగా? అంటే కప్పు ఒక అంతస్తు పైకి జరిగింది, గుడ్డి గోడ ముక్క కూడా దాని వెంటే ఎక్కింది. ఉత్తర ఫ్రాన్స్‌లోని లాన్, న్వాయోన్ కథీడ్రల్‌లలో నాలుగు అంచెలు ఎందుకున్నాయంటే అందుకే. కింద కమానులు, వాటిపైన మేడ, మేడ కప్పుకి ఎదురుగా సన్నటి ట్రైఫోరియం, ఆ పైన కిటికీలు. ఈ లెక్క తెలియకపోతే లాన్ గోడ చూసినప్పుడు కమానుల మీద కమానులు ఉత్తి మోజుకొద్దీ పేర్చారనిపిస్తుంది.

1163లో మొదలైన పారిస్ నోత్రదామ్‌లోనూ నాలుగు అంచెలే ఉండేవి. అక్కడ మూడో అంచెలో కమానులకి బదులు గుండ్రటి కన్నాలు పెట్టారు, అవి మేడ కప్పు కింది చీకట్లోకి తెరుచుకునేవి. లోపల వెలుతురు చాల్లేదని 13వ శతాబ్దంలోనే పై కిటికీల్ని కిందికి పొడిగించి ఆ గుండ్రటి కన్నాల్ని తీసేశారు. అందుకోసం మేడ మీది కప్పు వాలు తగ్గించాల్సి వచ్చింది. 19వ శతాబ్దపు మరమ్మతుల్లో వయొలే లెదుక్ అనే వాస్తుశిల్పి, నడిమి శాలని అడ్డ శాల కోసే చోటు పక్కన, స్తంభాల మధ్య ఉండే కొన్ని అరల్లో మాత్రం పాత గుండ్రటి కన్నాల్ని తిరిగి పెట్టించాడు. కాబట్టి 2019 మంటల తర్వాత బాగుచేసి 2024 డిసెంబరులో తెరిచిన ఆ చర్చికి వెళ్ళేవాళ్ళు, ఆ చోటుకి ఇటూ అటూ ఉన్న అరల్ని పోల్చి చూస్తే పాత ఏర్పాటూ కొత్త ఏర్పాటూ పక్కపక్కనే దొరుకుతాయి.

మేడ అవసరం తీరిపోయింది ఫ్లయింగ్ బట్రెస్ బయటికొచ్చాక. గోడని బయటి నుంచే పట్టుకోగలిగితే పక్కన అంత బరువైన మేడ ఎందుకు? 1194లో ఫ్రాన్స్‌లోని షార్త్ర్ కథీడ్రల్ తగలబడింది. తిరిగి కట్టినప్పుడు మేడని పూర్తిగా వదిలేశారు. నడవ మీద ఏటవాలు కప్పు ఒక్కటే మిగిలింది, దానికి ఎదురుగా సన్నటి ట్రైఫోరియం. మిగిలిన ఎత్తంతా కింది కమానులకీ పై కిటికీలకీ పంచారు. షార్త్ర్‌లో కింది కమానుల ఎత్తూ పై కిటికీల ఎత్తూ దాదాపు సమానం. ఆ రెండు పెద్ద అంచెల మధ్య ట్రైఫోరియం ఒక అడ్డగీతలా ఉంటుంది. చీకటి తగ్గలేదు, కానీ ఎక్కడ ఉండాలో అక్కడికి కుదురుకుంది. అమియాన్ నడిమి శాల ఈ పద్ధతినే ఇంకా ఎత్తుకి లాగింది.

ఆ సందులో అసలు ఎవరు నడిచారంటే, ముఖ్యంగా పనివాళ్ళు. గోడ మందంలో దాచిన మెలికల మెట్ల గుండా ఎక్కి, చర్చి పొడుగునా ఆ ఎత్తులో తిరగడానికి వీలుంటుంది. ఎక్కడ కారుతోందో, ఎక్కడ బీట వారిందో చూడటానికి అదే దారి. అమియాన్‌లో 15వ శతాబ్దం చివర నడిమి స్తంభాలు వంగడం మొదలుపెట్టాయి. 1497లో మేస్త్రీ పియేర్ తారిసెల్ ట్రైఫోరియం ఎత్తులో గోడల వెంబడి ఇనప గొలుసు బిగించాడు. పొడవాటి ఇనప కడ్డీల్ని కొక్కేలతో ఒకదానికొకటి తగిలించి, కమానుల వెనక సందులో లాక్కుపోయి, భవనానికి నడుంకట్టు వేశాడు. ఆ సందే లేకపోతే ఆ గొలుసు పెట్టే చోటు ఉండేది కాదు. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

చీకటికి గాజు

కప్పు వల్ల చీకటి వచ్చిందంటే, కప్పు మారిస్తే చీకటి పోవాలి. పారిస్ పక్కన సెయిన్ డెనీ మఠం చర్చిలో 1231లో మొదలైన పనిలో ఆ పనే చేశారు. నడవ మీద గోడకి ఆనే ఏటవాలు కప్పు తీసేసి, గోడకి ఆనకుండా విడిగా నిలబడే కప్పులు వేశారు. దాంతో ట్రైఫోరియం వెనక గోడ బయటి గాలికి బయటపడింది. అక్కడ రాయి తీసి గాజు పెట్టారు. పై కిటికీల సన్నటి రాతి కమ్మీలు ట్రైఫోరియం మీదుగా కిందికి దిగాయి, రెండంచెలూ కలిసి ఒకే పెద్ద కిటికీలా కనిపించడం మొదలైంది. జర్మనీలో 1248లో మొదలైన కొలోన్ కథీడ్రల్ కూడా ఈ దారే పట్టింది.

దీనికి మూల్యం కట్టింది గోడ మొదలు. పాత కప్పు మీద పడిన వాన బయటికి, గోడకి దూరంగా జారిపోయేది. కొత్త కప్పులో ఒక వాలు గోడ వైపుకే తిరుగుతుంది. కాబట్టి గోడ మొదట్లో సీసపు కాలువ కట్టాలి, దాన్ని ఎప్పటికప్పుడు బాగుచేస్తూ ఉండాలి. ఆకులు పడి అడ్డుపడితే, మంచు కరిగి నిలిస్తే నీళ్ళు లోపలికే. వెలుతురు కావాలనుకున్న వాళ్ళకి మనుమల కాలందాకా కారే చోట్ల టెన్షన్ తప్పలేదు.

ఈ మార్పు మొత్తాన్ని ఒకే చోట చూడాలంటే మళ్ళీ అమియాన్‌కే వెళ్ళాలి. నడిమి శాల ముందు కట్టారు, రోబేర్ ద లుజార్ష్ పథకం ప్రకారం, ట్రైఫోరియం చీకటి. తూర్పు భాగం తర్వాత వచ్చింది, రెనో ద కోర్మోన్ చేతి మీదుగా పూర్తయింది, అక్కడ ట్రైఫోరియం గాజు. శాల మధ్యలో నిలబడి పడమర గోడల్నీ తూర్పు గోడల్నీ మార్చి మార్చి చూస్తే, ఒకే అంచె అటు నల్లగా, ఇటు వెలుగుతూ ఉంటుంది. అందరూ గాజు వైపే మొగ్గుతారు. నాకు పడమటి వైపే నచ్చుతుంది. అక్కడ కింది నీడకీ పై వెలుతురుకీ మధ్య ఆ నల్లటి పట్టీ ఉండబట్టే కిటికీలు అంత ఎత్తులో ఉన్నట్టనిపిస్తాయి. దాని కింద గోడ పొడుగునా ఎక్కడా తెగకుండా చెక్కిన ఆకుల తీగ ఒకటి ఉంటుంది, చీకటి పక్కనే ఉండబట్టి అది మరీ స్పష్టంగా కనిపిస్తుంది.

కప్పు లేని చోట కూడా

ఇంతవరకూ చెప్పిన లెక్క నడిమి అంచెకి సరిపోతుంది. మరి గుడ్డి కమానులు కింది గోడల్లో, బయటి గోడల్లో, బురుజుల మీద కూడా ఉన్నాయిగా, అక్కడ ఏ వసారా కప్పు అడ్డొచ్చింది? అక్కడ కారణం వేరు. వాటి వంశం కూడా పాతది.

రవెన్నాలో గల్లా ప్లాచీదియా సమాధి మందిరం 5వ శతాబ్దపు ఇటుక కట్టడం. లోపల నీలం, బంగారు మొజాయిక్‌లు కళ్ళు చెదరగొడతాయి. బయట ఉత్త ఇటుక, దాని మీద గుడ్డి కమానుల వరుస. కమానుల మధ్య ముందుకొచ్చిన నిలువు పట్టీలు గోడకి పక్కటెముకల్లాంటివి. అక్కడ మందం ఎక్కువ, మధ్యలో తక్కువ, కాబట్టి తక్కువ ఇటుకతో గోడ గట్టిగా నిలుస్తుంది. ఉత్తర ఇటలీలోని లొంబార్డీ మేస్త్రీలు ఈ పద్ధతిని చూరు కింద చిన్న కమానుల పట్టీగా మార్చి కాటలోనియా దాకా, రైన్ తీరం దాకా పట్టుకెళ్ళారు. రైన్ ఒడ్డున స్పేయర్ కథీడ్రల్‌లో 11వ శతాబ్దం చివర అది ఇంకో అడుగు వేసి, చూరు కింద భవనం చుట్టూ తిరిగే నిజమైన సన్నటి వరండా అయింది. పీసాలో 1063 నాటి కథీడ్రల్ చుట్టూ గుడ్డి కమానులే. 1173లో మొదలైన అక్కడి వాలు బురుజు చూసినవాళ్ళు పై అంతస్తుల్లోని తెరిచిన వరండాల్నే గుర్తుపెట్టుకుంటారు. కింది అంతస్తు గమనిస్తే అక్కడి కమానులు మూసినవే. బరువంతా మోసే చోట తెరవలేదు. ఒకే కమాను కింద మూసి, పైన తెరిచి, కళ్ళకి మాత్రం రెండూ ఒకటే అనిపించారు.

ఐరోపాకి బయట, ఇప్పుడు తుర్కియే సరిహద్దులో పాడుబడి ఉన్న ఆర్మేనియన్ రాజధాని ఆనిలో, 1001లో పూర్తయిన కథీడ్రల్ బయటి గోడల మీద ఉన్న గుడ్డి కమానులు బహుశా అన్నిట్లోకీ నాజూకైనవి. దారంలాంటి జంట స్తంభాలు నేల నుంచి లేచి చదునైన రాతి గోడ మీద కమానులుగా కలుస్తాయి. కట్టినవాడు త్రదత్. 989 భూకంపంలో కాన్‌స్టాంటినోపుల్ హాగియా సోఫియా గుమ్మటం కొంత కూలితే బాగుచెయ్యడానికి పిలిచింది కూడా ఇతన్నే. అంత బరువుల సంగతి తెలిసినవాడు ఏ బరువూ మొయ్యని కమానుల్ని అంత శ్రద్ధగా గీశాడు.

డరమ్‌లో నడవ గోడల అడుగున ఉండే కమానులు ఒకదాన్నొకటి దాటుకుంటూ అల్లుకుపోతాయి. అర్ధ వృత్తపు కమాను సగందాకా పోగానే పక్క కమాను దాన్ని కోస్తుంది. ఈ అల్లిక స్పెయిన్‌లోని ఇస్లామిక్ కట్టడాల్లో అంతకు ముందే ఉంది. టొలేడోలో 999 నాటి చిన్న మసీదు ముఖం మీద ఇప్పటికీ చూడొచ్చు. సిసిలీలో మొన్రియాలే చర్చి వెనక భాగమంతా నల్లటి అగ్నిపర్వత రాయి పొదిగిన ఇలాంటి అల్లికే. రెండు గుండ్రటి కమానులు దాటుకున్న చోట మధ్యలో ఒక మొన కమాను ఏర్పడుతుంది కదా, గోతిక్ మొన కమాను అలాగే పుట్టిందని 18వ శతాబ్దం చివర జాన్ మిల్నర్ అనే ఇంగ్లీషు పండితుడు వాదించాడు. వినడానికి ముచ్చటగా ఉంది కానీ నిలవదు. కైరోలో 879లో పూర్తయిన ఇబ్న్ తులూన్ మసీదు నిండా మొన కమానులే, అప్పటికి డరమ్‌కి ఇంకా రెండు వందల ఏళ్ళు.

అల్లికకన్నా గడుసు పని ఇంగ్లండులోని లింకన్ కథీడ్రల్‌లో జరిగింది. 1185 భూకంపంలో పాత చర్చి దెబ్బతిన్నాక, 1192లో తూర్పు భాగం మళ్ళీ మొదలైంది. అక్కడ నడవ గోడకి గుడ్డి కమానులు ఒక వరుస కాదు, రెండు వరుసలు, ఒకదాని ముందు ఒకటి. వెనక వరుస తెల్లటి సున్నపురాయి స్తంభాల మీద మామూలు మొన కమానులు. ముందు వరుస నల్లగా మెరిసే పర్బెక్ అనే ఇంగ్లీషు రాయి స్తంభాల మీద మూడు రేకుల కమానులు. రెండూ సరిగ్గా ఎదురెదురుగా ఉండవు. ముందు కమాను నడిమధ్యన వెనక స్తంభం నిలబడి ఉంటుంది. కాబట్టి నేరుగా ఎదురుగా నిలబడితే ప్రతి కమానులోనూ ఒక స్తంభం అడ్డంగా ఉన్నట్టుంటుంది. నడుస్తూ పోతే ముందు వరుస ఒక వేగంతో, వెనక వరుస ఇంకో వేగంతో కదులుతున్నట్టుంటుంది. ఏ బరువూ లేదు, ఏ కిటికీ లేదు, పెద్ద లోతు కూడా లేదు. అయినా గోడ ఎక్కడ ఆగిందో కళ్ళు చెప్పలేకపోతాయి. దాని ముందు ఆగకుండా పెద్ద కిటికీల వైపు తలెత్తుకుని పోయేవాళ్ళే ఎక్కువ.

వీటిలో చాలావాటి అడుగున రాతి అరుగు ఉంటుంది, అదీ మరిచిపోకూడదు. అప్పట్లో చర్చిలో జనానికి బెంచీలు ఉండేవి కావు, ముసలివాళ్ళు గోడ పక్క అరుగు మీద కూర్చునేవారు. మఠాల్లో అందరూ సమావేశమయ్యే గదుల్లోనైతే గోడ చుట్టూ గుడ్డి కమానులే ఆసనాలు, ఒక్కో కమాను ఒక్కొక్కరికి. ఇంగ్లండులోని సౌత్‌వెల్‌లో 13వ శతాబ్దం చివర కట్టిన అలాంటి గదిలో, కమానుల మొదట్లో చెక్కిన ఓక్, ద్రాక్ష, ఐవీ ఆకులు చూసి ఇది ఫలానా చెట్టు అని గుర్తుపట్టొచ్చు. కూర్చున్నవాడి తల పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంటాయవి. ముప్ఫై, నలభై మీటర్ల కట్టడంలో మనిషి కొలతకి సరిపోయేది ఈ కమాను ఒక్కటే. గుడ్డి కమానుల్ని ఖాళీ పూడ్చే అలంకారమని తీసిపారెయ్యడం నాకు నచ్చనిది ఇందుకే.

చెయ్యి, మనిషి, గది అనే లోతు లెక్క ఇంగ్లండులోని గ్లాస్టర్ చర్చిలో మాత్రం పారదు. అక్కడ తూర్పు భాగం 11వ శతాబ్దంలో ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండుని గెలిచిన నార్మన్ల కాలం నాటిది, గుండ్రటి కమానులు, లావు స్తంభాలు, పైన మేడ. హత్యకి గురయ్యాడంటున్న రెండో ఎడ్వర్డ్ రాజుని 1327లో అక్కడ పాతిపెట్టాక, ఆ భాగాన్ని కొత్తగా చెయ్యాలనుకున్నారు. పాతది పడగొట్టలేదు. దాని ముఖం మీద సన్నటి రాతి కమ్మీల చట్రం ఒకటి, నేల దగ్గర్నుంచి కప్పు దాకా, 1330ల నుంచి కొన్ని దశాబ్దాల పాటు తొడుగుతూ పోయారు. కింద నడవ తెరిచి ఉన్నచోట చట్రం వెనక ఖాళీ. మేడ దగ్గర చట్రం వెనక గది. గట్టి గోడ దగ్గర చట్రం వెనక రాయి. పైన కిటికీ దగ్గర అదే చట్రం వెనక గాజు. నాలుగు చోట్లా కమ్మీల నమూనా దాదాపు ఒకటే. ఏది మూసిందో ఏది తెరిచిందో శాలలోంచి చూసి చెప్పడం కష్టం, అలా చెప్పలేకుండా చెయ్యడమే వాళ్ళ పని. మేడ ఎక్కి చట్రం వెనక్కి వెళ్తే నార్మన్ల గుండ్రటి కమానులు ఇంకా ఉన్నాయి, చట్రం తగిలించడానికి చెక్కేసిన ముఖాలతో.